వాచీ వదిన చేసిన పెట్టె

"నీ బొటనవేలు నిద్రపోతోంది," అన్నాడు భర్త, గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ.

ఆమె అప్పటికే స్నానాలగదిలో చతికిలబడి అతని రేసు బట్టలు ఉతుకుతోంది. మెడ నుంచి మడమల దాకా ఒకటే తొడుగు, తడిస్తే మనిషంత బరువు. మోకాళ్ళ దగ్గర గ్రీజు, చంకల్లో ఉప్పు చారలు. బ్రష్షుతో రుద్దుతుంటే, పగలంతా స్టాప్‌వాచీ నొక్కిన బొటనవేలు కణుపు దగ్గర సలుపుతోంది. అది నిద్రపోతోందని అతనంటున్నాడు. "అందరి ముందూ అనకూడదని ఊరుకున్నాను" అని కూడా అన్నాడు కానీ, ఊరుకోలేదు. ట్రాక్ పక్కన, హెల్మెట్ చంకలో పెట్టుకుని, "మనం ఎంత తొక్కితే ఏం లాభం, ఈవిడ వేలు లేచేసరికి బండి ఇంటికెళ్ళి పడుకుంటుంది" అన్నాడు. తోటి డ్రైవర్లు పడీపడీ నవ్వారు. బండి మేస్త్రీ కూడా నవ్వి, ఆమె తనవైపు చూసేసరికి తల దించుకుని చేతిలో స్పానర్ తుడవడం మొదలుపెట్టాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే దారి పొడుగునా 'నీకు జోకు కూడా అర్థం కాదు' అనే మాట వినాలి. పదిమందిలో మొగుడు పరాచికమాడితే పెళ్ళాం నవ్వాలని ఎవరూ నేర్పలేదు, అయినా నోరు దానంతట అదే విచ్చుకుంటుంది.

వారమంతా టైర్ల షాపులో మేనేజరుగా కుర్చీలో కూర్చునే మనిషికి ఆదివారం వస్తే ప్రాణం లేచొస్తుంది. పాత కారు ఒకటి కొని, సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాలు బిగించి, ఎర్ర రంగు వేయించాడు. ఊరవతల ట్రాక్ మీద దాన్ని తిప్పడం అతని లోకం. ఒక చుట్టు తిరిగి రావడాన్ని ల్యాప్ అంటారు. ఆ ల్యాప్ ఎంతసేపట్లో అయిందో పట్టుకోవడం ఆమె పని. మిగతా డ్రైవర్ల భార్యలు ఒకసారి సరదాగా వచ్చి, దుమ్మూ ఎండా చూసి మళ్ళీ రాలేదు. ఆమె మాత్రం మానలేదు, వాచీ పట్టుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు కనుక. కుర్ర డ్రైవర్లు ఆమెకి 'వాచీ వదిన' అని పేరు పెట్టారు. "వాచీ వదినా, నాది కూడా కాస్త చూడరూ" అంటూ ఇంకో వాచీ రెండో చేతిలో పెట్టి పోయేవాళ్ళు. ట్రాక్ దగ్గర ఆడవాళ్ళకి బాత్‌రూం లేదు. ఆదివారం పొద్దున్న లేచింది మొదలు ఆమె మంచినీళ్ళు ముట్టుకోదు. ఆ సంగతి ఇన్నేళ్ళుగా భర్తకి తెలియదు, అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్తే 'అయితే రాకు' అంటాడు. రాకపోతే 'ఇంత చిన్న సాయం చెయ్యలేవా' అంటాడు. రెండు మాటలూ ముందే వినేసినట్టుండేది ఆమెకి.

బట్టలు పిండుతూ ఆమె తన బొటనవేలి వైపు చూసుకుంది. ఈ వేలు కాకపోతే వాచీ నొక్కేది ఇంకేది, అనుకుంది. వెంటనే లిఫ్టు తలుపు గుర్తొచ్చింది.

పెళ్ళికి ముందు ఆమె లిఫ్టుల కంపెనీలో పనిచేసేది. లిఫ్టుని నడిపించే సర్క్యూట్ బోర్డులు పాడైతే బల్ల మీదికి వచ్చేవి, బాగుచేసి పంపేది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లమా చేసిన ఆడపిల్ల ఆ గదిలో ఆమె ఒక్కతే. కూతురు పుట్టాక మానేసింది, మానేసింది అనేకంటే మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు అనడం సబబు. తర్వాత కొన్నేళ్ళకి వీధి చివర ఎలక్ట్రానిక్ తూకం మిషన్లు బాగుచేసే షాపులో చేరింది. కూతురు స్కూల్లో ఉన్నంతసేపూ పని. వెనక గదిలో ఆమె మిషన్ విప్పుతుంటే, ముందు గదిలో యజమాని గిరాకీలతో, "మా కుర్రాడు లోపల చూస్తున్నాడండీ, చెయ్యి తిరిగినవాడు" అనేవాడు. ఆడమనిషి చేసిందంటే తూకం నమ్మరట. ఆ కుర్రాడు తనేనని ఆమెకి మొదట్లో నవ్వొచ్చేది. ఎవరో ఒకసారి కుర్రాడికి టీ ఖర్చులకని ఏదో ఇచ్చిపోతే, యజమాని అది తన జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి నవ్వు రావడం మానేసింది.

లిఫ్టు తలుపు మూసుకుపోతుంటే చెయ్యి అడ్డం పెడితే మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ పక్క నుంచి ఈ పక్కకి కంటికి కనబడని వెలుగొకటి పారుతూ ఉంటుంది, దాన్ని కనిపెట్టే కన్నొకటి ఉంటుంది. అలాంటి వెలుగుని ట్రాక్ పక్కన గుంజకి కట్టి, కన్నుని కారులో పెడితే, కారు గుంజ ముందు నుంచి పోయిన ప్రతిసారీ దానికి తెలుస్తుంది. అక్కడితో ఒక ల్యాప్ ముగిసి ఇంకోటి మొదలైనట్టు. వేలితో పనిలేదు.

భోజనాల దగ్గర భర్తతో అంది. "ఏమండీ, బండి గీత దాటగానే దానంతట అదే టైం చూపించే పెట్టె ఒకటి చెయ్యొచ్చు."

"పెద్ద పెద్ద టీములకి ఉంటాయి అలాంటివి," అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా. "మనకెందుకు, నువ్వున్నావుగా."

నువ్వున్నావుగా. ఆ మాట పట్టుకుని ఆమె చాలాసేపు గిన్నెలు తోముతూ నిలబడింది. ఇంకో నోట, ఇంకో వేళ, ఆ మాటకి కళ్ళలో నీళ్ళు తిరగాల్సింది. ఇక్కడ మాత్రం ఇంట్లో చీపురుంది, బకెట్టుంది, నువ్వున్నావు అన్నట్టు వినబడింది. పెట్టె చెయ్యాలని ఆమె అప్పుడే అనుకుంది. అతని కోసం కాదు. గోడ పక్కన ఎండలో తను నిలబడే ఆ చోటు ఖాళీ చెయ్యడం కోసం.

పని చేసుకోవడానికి వెలుతురున్న బల్ల ఇంట్లో ఒకటే ఉంది, అది అత్తగారి గదిలో కిటికీ పక్కన. అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. షాపు నుంచి వచ్చి, ఆవిడకి ఒళ్ళు తుడిచి, పక్క బట్టలు మార్చి, మందులు వేసి, సాయంత్రం పనులు మొదలయ్యేలోపు దొరికిన కాస్త వ్యవధిలో ఆమె టంకం వేసే పుల్లని వేడిచేసుకునేది.

"ఏం చేస్తున్నావమ్మాయ్, బాంబా?" అంది ఆవిడ మొదటి రోజు.

"గడియారం అత్తయ్యా."

"గోడకి ఒకటుందిగా. మన మొహాలకి అదే ఎక్కువ."

మొదట పెట్టె అసలేమీ పట్టించుకోలేదు. కిటికీలోంచి ఎండ పడగానే కన్నుకి బైర్లు కమ్మినట్టయ్యేది. సూర్యుడి వెలుగులో గుంజ వెలుగు ఏదో దానికి తెలిసేది కాదు. అందుకని గుంజ దీపం ఒక లయలో మిణుకుమనేలా చేసి, ఆ లయ తప్ప ఇంకేదీ పట్టించుకోవద్దని కన్నుకి నేర్పింది. అత్తగారి మందుల సీసా ఒకటి ఖాళీ అయితే, లోపల నల్లరంగు పూసి, కంటికి గొట్టంలా తొడిగింది. తర్వాత ఇంకో చిక్కు. పెరట్లో కారు స్టార్ట్ చేసి పెడితే, ఇంజన్‌లో రేగే నిప్పురవ్వల అలజడికి పెట్టె బెదిరి, గుంజ లేని చోట కూడా ల్యాప్ అయిందనేది. బోర్డుని చిన్న బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, తీగలన్నీ దగ్గరగా పెనవేసి, రేకుకి ఎర్త్ తీగ తగిలిస్తే ఆ బెదురు తగ్గింది. చివరికి మిగిలింది, గుంజ ముందు ఒకసారి పోతే రెండు మూడుసార్లు లెక్కపెట్టడం. ఒకసారి చూశాక కాసేపు కళ్ళు మూసుకోవాలని దానికి చెప్పాల్సి వచ్చింది. అదొక్కటే ఆమె చాలా తేలిగ్గా చేసేసింది. చూసీ చూడనట్టు ఎంతసేపు ఉండాలో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంట్లో పరీక్షించడానికి కారు పట్టదు. వసారాలో గుంజ నిలబెట్టి, అత్తగారి చక్రాల కుర్చీకి పెట్టె కట్టి, ఆవిడని స్నానానికి తోసుకెళ్ళింది. గుంజ దాటగానే పెట్టె కీచుమంది.

"ఏంటది కూసింది?"

"మీరు గీత దాటారత్తయ్యా."

"ఎవరి మీద గెలిచాను?"

"ఇంకెవరూ లేరు. మీరొక్కరే."

"అయితే గెలిచినట్టే. ఇంకోసారి తిప్పు," అంది. కోడలు తిప్పింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అది అందులో ఒకటి.

మర్నాడు పెట్టెని నడుముకి కట్టుకుని పని చేసుకుంది, కదులుతున్న మనిషి దగ్గర సరిగ్గా పట్టుకుంటుందో లేదో చూద్దామని. వంటగది నుంచి గదికీ, గది నుంచి పెరట్లోకీ వసారా దాటిన ప్రతిసారీ అది కూస్తూనే ఉంది. "ఆపవమ్మా దాన్ని, తల పగిలిపోతోంది. అస్తమానం ఏంటా తిరుగుడు," అని అత్తగారు మంచం మీంచి కేకేసింది. తిరుగుతోంది నేను కాదు, మీ మంచినీళ్ళూ మీ గంజీ మీ తడి బట్టలూ తిరుగుతున్నాయి అందామనుకుంది. పెట్టె తీసి బల్ల మీద పెట్టేసింది.

ఆ ఆదివారం మేస్త్రీ పెట్టెని ఎర్ర కారులో ఇనుప గొట్టానికి బిగించాడు. భర్త "నీ ముచ్చట తీరనీ" అన్నాడు. నమ్మకం లేక ఆమెని వాచీ కూడా పట్టుకోమన్నాడు. కారు తిరిగొచ్చింది. పెట్టె చూపించిన టైం, ఆమె వాచీ చూపించినదాని కంటే ఎక్కువ. మళ్ళీ తిరిగాడు, మళ్ళీ ఎక్కువే. ప్రతి ల్యాపులోనూ అతను వాచీ ప్రకారం కంటే పెట్టె ప్రకారం నెమ్మది.

"చూశావా, నీ పెట్టె కూడా నీలాంటిదే," అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు.

అక్కడ టైంకీపరొకాయన ఉన్నాడు. పూర్వం సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు, ట్రాక్ క్లబ్బులో ఏ పోటీ జరిగినా టవర్ మీద కూర్చుని టైం చూసేది ఆయనే. ఆయన నవ్వలేదు. పెట్టెని కొన్ని వారాలు తనతో ఉంచుకుని, వేరే కార్లలో పెట్టించి, పట్నం నుంచి తెప్పించిన ఏదో పరికరంతో పోల్చి చూశాడు. పెట్టె వెంట్రుకవాసి కూడా తప్పడం లేదని తేల్చాడు.

అంటే తప్పింది తన వేలన్నమాట. ఆ సంగతి ఆమెకి ట్రాక్ పక్కన నిలబడి ఉండగానే తట్టింది. వేలు నిద్రపోలేదు. ఇన్నేళ్ళూ అది మేలుకుని, కారు గీత దాటిన కాస్సేపటికి వాచీ మొదలుపెట్టి, తిరిగి గీత చేరకముందే ఆపేస్తోంది. ఎప్పుడు మొదలైందో ఆమెకి తెలియదు. టైం బాగోలేదని అతను హెల్మెట్ నేలకేసి కొట్టిన రోజో, ఇంటికెళ్ళేదాకా కారు తలుపులు అదిరేలా నడిపిన రోజో, భయం ఆమె బుర్ర దాకా రాకుండానే నేరుగా వేలికి చేరినట్టుంది. వేలు అతని తరఫున అబద్ధమాడడం నేర్చుకుంది. పైగా దానికే నిద్రమొహం అని పేరొచ్చింది.

టైంకీపర్ పెట్టెని అరచేతిలో పెట్టుకుని టవర్ దిగివచ్చాడు. డ్రైవర్లందరూ మూగారు. "ఇంత చక్కటి పని చూసి చాలా కాలమైంది. ఎవరు చేశారిది?" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. ఈలోపే భర్త, "నేనేనండీ. ఊరికే, ఖాళీ టైంలో, ఇంట్లో కూర్చుని," అన్నాడు.

చాలా మామూలుగా అన్నాడు. ఆ మాట అన్నాక ఆమె వైపు చూడలేదు కూడా, చూడాల్సిందేమీ లేదన్నట్టు. మేస్త్రీ ఆమె వైపు చూశాడు, చూసి టైరు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చే దారిలో, "అలా అన్నారేంటి" అని అడిగింది.

"నేనన్నా నువ్వన్నా ఒకటి కాదా? మనం వేరే వేరేనా?" అన్నాడు నొచ్చుకున్నట్టు. "ఆడాళ్ళు చేసిందంటే ఎవరు కొంటారు చెప్పు. నీ షాపు ఓనరూ అదేగా చేస్తున్నాడు, ఆయన్ని అడిగావా ఎప్పుడైనా?"

అడగలేదు. అది నిజం. తన నోరు కట్టేయడానికి తన బతుకులోంచే తాడు తీసుకోవడం అతనికి బాగా తెలుసు.

అందరికీ పెట్టెలు కావాల్సొచ్చాయి. భర్త ఒప్పుకున్నాడు, ఆమె చేసింది. వాచీ పని తప్పినా ఆదివారం ప్రయాణం మాత్రం ఆమెకి తప్పలేదు. కిటికీ పక్క బల్ల మీద రేకు డబ్బాలు వరసగా పేర్చి ఉండేవి. షాపు పనీ, ఇంటి పనీ, అత్తగారి పనీ అయ్యాక ఇది. వచ్చిన డబ్బు ఎర్ర కారు చక్రాల్లో కలిసిపోయింది. సాయంత్రాలు డ్రైవర్లు ఇంటికొచ్చి హాల్లో కూర్చుంటే, అతను ఎర్త్ తీగ తగిలించడం గురించీ మిణుకుమనే లయ గురించీ ఆమె చెప్పిన మాటలే అటూ ఇటూ చేసి చెప్పేవాడు. టీ కప్పులు పెట్టి వెళ్తూ ఆమె వినేది. ఒకసారి తప్పు చెప్పాడు. ఆగి సరిచేయబోయింది. "చక్కెర తక్కువైంది చూడు," అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి చక్కెర డబ్బా తెచ్చింది.

ఒక రోజు షాపుకి వెళ్తే ఆమె బల్ల దగ్గర నిజంగానే ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. "మీ ఆయన ఫోను చేసి, ఇక రాదు, ఇంట్లో పని ఎక్కువైంది అన్నాడే. నీకు చెప్పలేదా?" అన్నాడు యజమాని. ఆమె తన చిన్న స్క్రూడ్రైవర్లు తీసుకుని వచ్చేసింది. భర్తని అడిగితే, "నీకు శ్రమ తగ్గుతుందని చేశాను. మంచి చేసినా తప్పేనా," అన్నాడు. అత్తగారు కూడా, "ఇంటి పట్టున ఉండొచ్చుగా, వాడన్నదాంట్లో తప్పేముంది," అంది. ఆ ఇంట్లో ఆమె కోసం అందరూ మంచే చేశారు. అడగకుండా చేశారు, అంతే.

వర్షాలు వెళ్ళాక ట్రాక్‌లో ఒక కబురు పుట్టింది. ఒక పెద్ద రేసు టీమువాళ్ళు తమ కారు నడపడానికి ఒక డ్రైవర్ని ఈ క్లబ్బులోంచి తీసుకుంటారట. వాళ్ళ మనిషి వచ్చి, ప్రాక్టీసులో ఎవరి కారు పెట్టెలో మంచి టైం ఉంటే వాళ్ళని ఎంచుకుంటాడట. పెట్టెలంటే అప్పటికి అంత నమ్మకం. అందరికన్నా ముందుండేది సన్నోడు. సన్నగా గడకర్రలా ఉంటాడని అందరూ అలాగే పిలుస్తారు. చేతిలో పనున్నా వాచీ వదిన కనబడితే ఆగి, "తిన్నారా వదినా" అని అడిగే మనిషి అక్కడ అతనొక్కడే. అతని పెట్టె కూడా ఆమె చేసిందే. భర్త టైము సన్నోడికి కాస్తంత దూరంలో ఉంది. ఎంత ప్రయత్నించినా ఆ కాస్తంత తరగలేదు.

"నా పెట్టెని కాస్త సరిచెయ్యి," అన్నాడు ఒక సాయంత్రం.

"బాగానే ఉందిగా."

"బాగుండడం కాదు. కొంచెం. నీకు తెలుసు నేనేమంటున్నానో."

ఆమెకి తెలుసు. పెట్టె లోపల గోరంత స్ఫటికం ఒకటి గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. ఇన్నిసార్లు కొట్టుకుంటే ఒక సెకను అని పెట్టెకి చెప్పింది ఆమే. ఆ సంఖ్యని ఇంకాస్త పెంచితే పెట్టె సెకను సాగుతుంది, టైం తక్కువ కనబడుతుంది. అంతకన్నా చిన్న పని ఇంట్లో ఇంకోటి లేదు.

"చెయ్యనండీ," అంది.

అతను అరవలేదు. అరిస్తే నయం. మాటలు మానేశాడు. వడ్డించిన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఏం కావాలన్నా కూతురి ద్వారానే. "మీ అమ్మకి చెప్పు, చొక్కా ఇస్త్రీ లేదని." "మీ అమ్మకి చెప్పు, మనింట్లో ఒకరి కల ఇంకొకరికి పట్టదని." పన్నెండేళ్ళ పిల్ల ఆ గదికీ ఈ గదికీ మాటలు మోసింది. ఆదివారాలు తల్లి ట్రాక్‌కి వెళ్తే నాయనమ్మ దగ్గర ఉండేదీ ఆ పిల్లే, పక్క బట్టలు మార్చడం కూడా అప్పుడే వచ్చేసింది దానికి. అత్తగారు మంచం మీంచి, "మొగుడు నెగ్గితే ఎవరికే పేరు, నీకు కాదూ," అంటూ ఉండేది. ఇవన్నీ ఆమె తట్టుకుంది. ఒకరోజు కూతురు స్కూలు బట్టలతోనే వంటగదిలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, అదేదో చేసెయ్యొచ్చుగా. ఇంట్లో ఊపిరాడట్లేదు."

ఆమె కూతురి మొహంలోకి చూసింది. పిల్లకి ఎవరిది న్యాయమో తెలుసు, ఆ కళ్ళలో కనబడుతూనే ఉంది. తెలిసి కూడా, ఎవరిని బతిమాలితే పని అవుతుందో అది కూడా తెలుసు. అది ఈ ఇంట్లోనే నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె ఆలోచించదలుచుకోలేదు. స్టవ్ ఆపి, బల్ల దగ్గరికి వెళ్ళి, భర్త అక్కడ పెట్టిపోయిన తన రేకు డబ్బా మూత తీసింది. బియ్యం కడిగినంతసేపు కూడా పట్టలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త కూతురి చదువు గురించి అడిగాడు, భార్యకి కూర బాగుందని చెప్పాడు. ఇల్లు ఊపిరి పీల్చుకుంది.

టీమువాళ్ళ మనిషి వచ్చి, పెట్టెలు చూసి, భర్తని ఎంచుకున్నాడు. సన్నోడు అతనితో చెయ్యి కలిపి, "మీ పెట్టె పుణ్యమా అని మాకు మా టైం తెలిసింది అన్నా," అన్నాడు. ఆమె అక్కడే ఉంది. సన్నోడు వెళ్తూ, "తిన్నారా వదినా," అన్నాడు. తిన్నానంది.

కొత్త టీములో అతను ఎక్కువ కాలం నిలవలేదు. వాళ్ళ ట్రాకుల మీద వాళ్ళ గడియారాలున్నాయి. ఏ రోజూ అతను చెప్పుకున్న టైంకి దగ్గరగా కూడా రాలేదు. కొంతకాలం కారుది తప్పన్నారు, కారు మార్చారు. ఆ తర్వాత తప్పు ఎవరిదో తేలిపోయి పంపించేశారు. వాళ్ళు ఊరికే పంపలేదు, క్లబ్బుకి ఫోను చేసి ఇలాంటి మనిషిని ఎలా అంటగట్టారని అడిగారు.

టైంకీపర్ ఆ ఆదివారం ఎర్ర కారులోని పెట్టెనీ, సన్నోడి పెట్టెనీ విప్పించి, రెండూ ఒకే కారులో పక్కపక్కన కట్టించి, మేస్త్రీ చేత ట్రాక్ తిప్పించాడు. తర్వాత భర్తని టవర్ కిందికి పిలిచాడు. ఆమె కూడా వెంట వెళ్ళింది. డ్రైవర్లు చుట్టూ చేరారు, ఆ రోజు ఎవరూ నవ్వడం లేదు.

"ఒకే కారు, ఒకే చుట్టు," అన్నాడు ఆయన. "మీ పెట్టె ప్రతి చుట్టులోనూ ఒకే పాళ్ళలో తక్కువ చూపిస్తోంది. చెడిపోయిన పెట్టె ఇంత పద్ధతిగా తప్పు చెప్పదు. కావాలని చేశారా?"

భర్త చుట్టూ చూశాడు. చాలా కాలం తర్వాత, అందరి ముందూ, అతని చూపు భార్య మీద ఆగింది.

"నాకేం తెలుసండీ," అన్నాడు. "ఇదంతా చేసేది మా ఆవిడ. మొదటి నుంచీ ఆవిడే. నాకు ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు కూడా రావు, కావాలంటే మేస్త్రీని అడగండి."

మేస్త్రీ తల ఊపాడు. నిజమే కదా మరి.

ఇదే మాట ఎన్నోసార్లు ఊహించుకుంది ఆమె. గిన్నెలు తోముతూ, అత్తగారి వీపు తుడుస్తూ, ఏదో ఒక రోజు అతని నోటి వెంట వస్తుందని, అందరూ తన వైపు తిరుగుతారని. వచ్చింది. తిరిగారు. ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు. పేరు రావాల్సిన చోట ఆమె లేదు, నింద పడాల్సిన చోటికి చెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెట్టాడు.

"మీరా అమ్మా చేసింది?" అన్నాడు టైంకీపర్. ఆయన గొంతులో కోపం కన్నా వింత ఎక్కువగా ఉంది.

కాదనొచ్చు. ఆయనే చేయమన్నారు అనొచ్చు. ఎవరు నమ్ముతారన్నది పక్కన పెడితే, ఆ మాటతో మళ్ళీ తను ఎవరో చెప్తే చేసే చెయ్యిగానే మిగిలిపోతుంది. కళ్ళ ముందు ఆ రెండు రేకు డబ్బాలున్నాయి. ఏ టంకం చుక్క ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

"నేనే చేశానండీ," అంది. "ఇక్కడున్న పెట్టెలన్నీ నేనే చేశాను. మిగతావాటి మీద మీకేం అనుమానం అక్కర్లేదు, అన్నీ నిజమే చెప్తాయి. ఈ ఒక్కదానికే అబద్ధం నేర్పాను. అదీ నేనే."

డ్రైవర్లు ఒక్కొక్కరే తమ కార్ల దగ్గరికి వెళ్ళారు. స్పానర్ల చప్పుడు వినబడింది. పెట్టెలు విప్పుతున్నారు. మిగతావి నిజమే చెప్తాయని ఆమె అన్న మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సన్నోడు తన పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వదినా అనలేదు, తిన్నారా అని అడగలేదు. "ఇదిగోండి," అన్నాడు, అంతే. అతన్ని ఆపి ఏదైనా చెప్పాలనుకుంది. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు. మిగతావన్నీ ఒక గోనెసంచిలో వేసి, మేస్త్రీ మోసుకొచ్చి కారు డిక్కీలో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారి పక్క తడిసిపోయి ఉంది. కూతురు ఒక్కతీ ఆవిడని ఒక పక్కకి తిప్పడానికి అవస్థ పడుతోంది. ఆమె చేతులు కడుక్కుని, కూతుర్ని పక్కకి తప్పించి, ఆవిడని ఎత్తి పట్టుకుని దుప్పటి లాగింది. భర్త గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు.

"నా పరువు తీసేశావు. సరే, అయిందేదో అయింది. కానీ కావాలని చేశానని ఎందుకన్నావు? పొరపాటున అలా అయిపోయిందంటే నమ్మేవాళ్ళుగా. ఆడది, ఏదో తెలియక చేసిందనుకుని వదిలేసేవాళ్ళు. మళ్ళీ ట్రాక్‌లో అడుగు పెట్టడానికి నాకో దారుండేది. వచ్చే ఆదివారం వెళ్ళి పొరపాటని చెప్పు."

కూతురు ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె తడి దుప్పటిని చుట్టచుట్టి బకెట్టులో వేసింది, పొడి దుప్పటి పరిచి, అత్తగారి తల కింద దిండు సర్దింది. అప్పుడు నడుం నిటారుగా చేసుకుని భర్త వైపు తిరిగింది.

"చెప్పను," అంది. "నా పనిలో పొరపాట్లుండవు."